పాఠకుల ప్రశ్నలు, జవాబులు: ఉన్న ఊళ్ళోనే కొత్త చూపు

ఈ నెల అందిన ఉత్తరాల్లో అయిదింటిని ఇక్కడ ఇస్తున్నాము. రాసినవారి వయసులు వేరు, బాధ్యతలు వేరు. అయినా అందరి ప్రశ్నా ఒకచోటికే వస్తున్నది కనుక కలిపి ప్రచురిస్తున్నాము. నిడివి కోసం ఉత్తరాలను కుదించి, పేర్లు తీసివేశాము.

ప్రశ్న: నమస్కారమండీ. మాది శ్రీకాకుళం. నాగావళి గట్టుకు దగ్గరలో ఇల్లు. ఒక కార్యాలయంలో గుమాస్తాగా పని చేస్తున్నాను. ఉదయం అత్తగారికి మందులిచ్చి, పిల్లలను బడికి పంపి, పాత వంతెన మీదుగా ఆఫీసుకు వెళ్ళి, సాయంత్రం అదే దారిన తిరిగి వస్తాను. ఏళ్ళ తరబడి ఇదే వరస. కొత్త ఆలోచన ఒక్కటీ రావడం లేదు, మనసు మొద్దుబారినట్టుంది. నాలుగు రోజులు అరకు వెళ్ళి రమ్మని అందరూ అంటున్నారు గాని, అత్తగారిని వదిలి కదిలే వీలు లేదు. ఉన్నచోటనే మనసుకు కాస్త కొత్తదనం, నెమ్మది దొరికే మార్గం ఏదైనా ఉందా?
ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, ఉంది. ఇంటి గురించీ, ఆఫీసు గురించీ, అత్తగారి గురించీ వివరంగా రాసిన మీరు, రోజుకు రెండుసార్లు మీ కాళ్ళ కింద నుంచి పారే ఏటిని మాత్రం వంతెన పేరు చెప్పి దాటేశారు. అక్కడి నుంచే మొదలుపెడదాము.

అరకు ప్రయాణాన్ని నేను తక్కువ చేయడం లేదు. కొండగాలి ఎవరికైనా మంచిదే. కాని అక్కడి కొత్తదనం ఆ చోటిది; మనం ఇంటికి వచ్చి సంచీ విప్పేసరికి అది అక్కడే ఉండిపోతుంది. మీరు అడుగుతున్నది చూసే పద్ధతిలో మార్పు. అది తెలియని చోట కంటే బాగా తెలిసిన చోటనే తేలికగా అలవడుతుందని నా నమ్మకం, ఎందుకంటే ఏది మారిందో పోల్చుకోవడానికి నిన్నటి జ్ఞాపకం ఉండేది అక్కడే.

నాగావళి మన జిల్లాలో పుట్టిన నది కాదు. ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా దిగి, ఝంఝావతిని కలుపుకొని, తోటపల్లి దగ్గర ఆనకట్టకు ఆగి, సంగం వద్ద సువర్ణముఖినీ వేగావతినీ చేర్చుకొని, రెండు వందల కిలోమీటర్లకు పైగా నడిచి మీ వంతెన దగ్గరికి వస్తుంది. అక్కడి నుంచి కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో కలవడానికి ఇంక ఎంతో దూరం లేదు. అందువల్ల శ్రీకాకుళంలో చినుకైనా పడని రోజున కూడా ఏరు ఎర్రబడి పొంగవచ్చు. మీకు కనిపించే ఆ ఎరుపు ఎక్కడో పై కొండల మీద కురిసిన వాన మోసుకొచ్చిన మట్టి. వేసవిలో పాయ సన్నబడి ఇసుక తిన్నెలు బయటపడతాయి. వరద వచ్చినప్పుడు ఏ తిన్నె ముందు మునిగింది, వరద తీశాక ఏది చోటు మార్చుకుంది, స్తంభాల మీద మట్టి చార ఎంత ఎత్తున నిలిచింది అన్నవి వంతెన దాటే కొద్ది క్షణాల్లోనే చూడదగిన విషయాలు. గట్టున గేదెల వెంట తిరిగే తెల్లకొంగలను కూడా గమనించండి. వానాకాలం వచ్చేసరికి వాటి తల, మెడ పసుపూ నారింజా కలిసిన రంగుకు తిరుగుతాయి. పిల్లలను పెంచే కాలం దాటాక మళ్ళీ తెల్లబడతాయి. కొంగ తెల్లగా ఉంటుందని చిన్నప్పుడు చదువుకొని, ఆ తరువాత కొంగ వంక చూడటం మానేసినవారమే మనలో ఎక్కువమంది.

ఈ సందర్భంలో గిడుగు రామమూర్తి పంతులు గారిని తలచుకోవాలి. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని ఆయన పటానికి దండ వేసి ఊరుకుంటున్నాము గాని, ఆయన చూపు ఎలాంటిదో పిల్లలకు చెప్పడం లేదు. 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేసిన మనిషి ఆయన. ముఖలింగం గుడి గోడల మీది శాసనాల పక్క నుంచి తరతరాల జనం దణ్ణం పెట్టుకుంటూ వెళ్ళారు. అక్కడ ఏమి రాసి ఉందని ప్రశ్న వేసుకొని, పాత లిపులను తనంతట తాను నేర్చుకొని చదివారు పంతులుగారు. సవర గిరిజనుల మాట ఆ ప్రాంతంలో అందరి చెవినా పడేదే. దానికి వ్యాకరణమూ నిఘంటువూ కావాలని తోచింది ఆయనకు. శాలిహుండం కొండ మీది బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చిందీ ఆయనే. వీటిలో ఏ ఒక్కదాని కోసమూ ఆయన తన ప్రాంతం దాటి వెళ్ళలేదు.

మనకు అంతటి పాండిత్యం అక్కరలేదు, ప్రశ్న వేసుకునే అలవాటు చాలు. ప్రశాంతంగా ఉండాలని నిశ్చయించుకొని గట్టున కూర్చుంటే అయిదు నిమిషాల్లో కరెంటు బిల్లు, పిల్లల ఫీజు, అత్తగారి రక్తపరీక్ష వరుసగా గుర్తుకు వస్తాయి. నిన్నటి కంటే నీరు పెరిగిందా తగ్గిందా అని చూడటానికి నిలబడితే, జవాబు వెతికే ఆ కాసేపూ మిగిలినవి వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి. వంతెన మీద వాహనాల మధ్య ఆగవద్దు. గట్టున ఒక చోటు ఎంచుకొని, ఎప్పుడూ అక్కడి నుంచే చూడండి. ఇంటి పద్దులు రాసే పుస్తకంలో వెనక పేజీన తేదీ వేసి ఒక్క వాక్యం రాయండి. ఏమనిపించిందో రాయనక్కరలేదు, ఏమి కనిపించిందో రాస్తే చాలు. అనిపించడం గురించి రాయబోతే నాలుగో రోజుకు మాటలు అయిపోతాయి.

మరొకటి. మీ అత్తగారిని అడగండి: ఆవిడ కాపురానికి వచ్చిన రోజుల్లో ఏరు ఎక్కడి దాకా వచ్చేది, ఏ రేవులో దిగేవారు, ఏ సంవత్సరపు వరద ఇంటి గుమ్మం దాకా వచ్చింది అని. మీ పుస్తకంలో లేని పేజీలు ఆవిడ దగ్గర ఉన్నాయి. మందుల వేళల గురించి తప్ప మీ ఇద్దరికీ మాట్లాడుకోవడానికి మరొకటి దొరుకుతుంది.

ప్రశ్న: అయ్యా, నేను బ్యాంకు ఉద్యోగం చేసి విరమించి విజయనగరంలో స్థిరపడ్డాను. రోజూ ఉదయం పెద్ద చెరువు వైపు నడకకు వెళతాను. డాక్టరు చెప్పిన నడక పూర్తవుతున్నది గాని మనసు నిలవడం లేదు. ఒక పక్క హారన్లు, ఒక పక్క మైకులు, పక్కన నడిచేవారి ఫోన్లు. నిశ్శబ్దమే లేని ఊళ్ళో ఆత్మపరిశీలన ఎలా కుదురుతుంది?
ఒక విశ్రాంత ఉద్యోగి, విజయనగరం

జవాబు: సంగీతానికి పేరుపడిన ఊళ్ళో కూర్చొని మీరు శబ్దం మీద ఫిర్యాదు రాయడం నాకు కొంచెం సరదాగా అనిపించింది, మన్నించండి. 1919లో విజయరామ గజపతి నెలకొల్పిన సంగీత కళాశాల మీ ఊరిదే. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ వయొలిన్ నేర్పారు. సంగీతం నేర్చుకునే పిల్లవాడు గొంతు విప్పడానికి ముందు చెవి విప్పాలి. శ్రుతిలో కలిసిందా లేదా అన్నది తెలిస్తేనే పాట. ఆ చెవి విప్పడం పాడనివారికి కూడా సాధ్యమే.

నడక మధ్యలో ఒకచోట కూర్చోండి. ముందు అన్నిటికంటే దగ్గరి శబ్దం ఏదో పట్టుకోండి, తరువాత దాని వెనక ఉన్నది, దానికీ వెనక ఉన్నది. అన్నిటికంటే దూరంగా వినిపించేది ఏదో తేల్చుకునే దాకా లేవవద్దు. అది రైలు కావచ్చు, చాకిరేవు కావచ్చు, గుడి గంట కావచ్చు. దూరపు శబ్దం కోసం వెతుకుతున్నంతసేపూ దగ్గరి హారను మీద కోపం తెచ్చుకోవడానికి తీరిక ఉండదు. వీలైతే బొబ్బిలి దగ్గరి గొల్లపల్లికి ఒకసారి వెళ్ళి, పనస దుంగను ఏకాండీగా తొలిచి చేసే వీణను దగ్గరగా కూర్చొని వినండి. మీటిన తీగ ధ్వని ఎక్కడ ముగిసిందో ఆ చోటును పట్టుకోవడానికి ప్రయత్నించండి. ముగిసిందని మీరు అనుకున్న తరువాత కూడా అది కొంత మిగిలి ఉంటుంది.

వినడంలో కాలానికి కూడా చోటుంది. కోకిల వేసవిలో వచ్చి తరువాత ఎక్కడికో వెళ్ళిపోతుందని చాలామంది అనుకుంటారు. చాలావరకు అది మన చెట్ల మీదే ఉంటుంది. గుడ్లు పెట్టే కాలంలో కూసి, శీతాకాలంలో దాదాపు ఊరుకుంటుంది. ఏ తేదీన మొదటి కూత విన్నారో, ఏ నెలలో మానేసిందో రాసి పెట్టుకుంటే, మీ నడకకు అడుగుల లెక్క కాక మరో లెక్క ఏర్పడుతుంది.

ఇక నిశ్శబ్దం కావాలంటే ఊరు వదలాలన్న అభిప్రాయానికి మన చుట్టుపక్కల చరిత్ర ఒప్పుకోదు. రామతీర్థం దగ్గర గురుభక్తుల కొండ మీద, వంశధార ఒడ్డున శాలిహుండం మీద బౌద్ధ భిక్షువులు విహారాలు కట్టుకున్నారు. పరధ్యానం లేకుండా ఉండటమే పనిగా పెట్టుకున్నవారు వాళ్ళు. అయినా వారు ఎంచుకున్నవి మనుషులు చేరలేని కీకారణ్యాలు కావు. భిక్షకు ఊళ్ళోకి నడిచి వెళ్ళి, మధ్యాహ్నం దాటకుండా భోజనం ముగించవలసిన నియమం ఉన్నవారు ఊరికి మరీ దూరంగా ఉండలేరు. శాలిహుండం అయితే కళింగపట్నం రేవుకు చేరువ. వర్తకులు, పడవలు, సరుకుల సందడి కొండ కింద ఉండగానే పైన వారి సాధన సాగింది.

మైకుల విషయంలో మాత్రం నేను మీ పక్షమే. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడరాదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి, ప్రభుత్వం ప్రత్యేకంగా సడలించే కొద్ది పండుగ రోజులు తప్ప. ఆ వేళల్లో మోగే మైకుకు మందు ధ్యానం కాదు, ఫిర్యాదు.

ప్రశ్న: పోటీ పరీక్షలకు చదువుతూ శ్రీకాకుళంలో అద్దె గదిలో ఉంటున్నాను సార్. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. నది, చెట్లు, చెరువు ఏవీ నాకు అందవు. ఉన్నది ఒక డాబా మాత్రమే. నాలాంటివాడు ఏమి చూడాలి?
ఒక విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: డాబా ఉన్నవాడికి సూర్యుడు ఉన్నట్టే. తెల్లవారుజామున చదివే అలవాటు ఉంటే ఇంకా మంచిది. తూర్పు వైపు కనిపించే ఒక నీళ్ళ ట్యాంకునో, సెల్ టవరునో, కొబ్బరిచెట్టునో గుర్తుగా పెట్టుకొని, ఏ తేదీన సూర్యుడు దానికి ఎటు పక్క పైకి వచ్చాడో గీత గీసుకోండి. బింబం ప్రకాశించడం మొదలయ్యాక దాని వంక చూడవద్దు. డిసెంబరు చివరి వారానికీ జూన్ చివరి వారానికీ మధ్య, మన శ్రీకాకుళంలో ఉదయించే చోటు దాదాపు 50 డిగ్రీల మేర జరుగుతుంది. చేయి బారుగా చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు రమారమి పది డిగ్రీలు. అంటే అయిదు పిడికిళ్ళ దూరం. ఈ జరుగుడు సమానంగా ఉండదు. జూన్‌లో, డిసెంబరులో సూర్యుడు కదలనట్టే ఉంటాడు. మార్చిలో, సెప్టెంబరులో మాత్రం ఉదయించే చోటు రోజుకు బింబపు వెడల్పులో ముప్పావు వంతు దాకా పక్కకు తప్పుకుంటుంది.

మీ ఊరి అరసవల్లి సూర్యదేవాలయానికి దీనితోనే సంబంధం. మార్చి రెండో వారంలో, అక్టోబరు మొదట్లో కొద్ది రోజులు మాత్రమే ఉదయపు కిరణాలు నేరుగా గర్భగుడిలోకి వెళ్ళి స్వామి పాదాలను తాకుతాయి. ఏడాదికి రెండుసార్లే ఎందుకు అని ఎప్పుడైనా ఆలోచించారా? ఉత్తరానికి వెళుతూ ఒకసారి, దక్షిణానికి తిరిగి వస్తూ ఒకసారి సూర్యుడు తూర్పున అదే బిందువును దాటుతాడు. కొద్ది రోజులే ఎందుకంటే, ఆ రెండు కాలాల్లోనే ఆయన నడక అన్నిటికంటే వేగం. కట్టినవారు ఆ లెక్క తెలిసి గుడిని నిలబెట్టారు. మీ డాబా మీది గీతలు కూడా, ఓపిక ఉంటే, అదే లెక్కను మీ చేత చెప్పిస్తాయి.

మధ్యాహ్నానికి కూడా ఒక సంగతి ఉంది. మే నెల మధ్యలో ఒకసారి, జూలై చివర ఒకసారి సూర్యుడు మన నడినెత్తికి వస్తాడు. ఆ రోజు నిటారుగా నిలబెట్టిన కర్రకు కాసేపు నీడ ఉండదు. జూలైలో మబ్బు అడ్డం రావచ్చు గనుక మే నెలనే నమ్ముకోండి. గడియారం పన్నెండు కొట్టకముందే, 11.50 ప్రాంతంలో చూడాలి, ఎందుకంటే మన ప్రామాణిక కాలం లెక్కించే రేఖకు మనం తూర్పున ఉన్నాము. ఆ రెండు తేదీల నడుమ మధ్యాహ్నపు నీడ ఉత్తరానికి బదులు దక్షిణానికి పడుతుంది. భూగోళం పుస్తకంలో కర్కటరేఖ గురించి బట్టీ పట్టిన వాక్యం కంటే ఇది గట్టిగా గుర్తుంటుందని హామీ ఇవ్వగలను. పరీక్షలో వస్తుందో రాదో ఆ పైవాడికి తెలియాలి.

ప్రశ్న: మా పిల్లలిద్దరూ సెలవుల్లో ఫోను వదలరు. బయట చూడటానికి ఏమీ లేదంటారు. మాది బొబ్బిలి దగ్గర పల్లె.
ఒక తల్లి

జవాబు: వానలు మొదలయ్యాక చెరువు గట్టు తాడిచెట్లకు వేలాడే గిజిగాడి గూళ్ళను చూపించండి. గూడు అల్లేది మగపిట్ట. సగం అల్లాక ఆడపిట్ట వచ్చి చూసి నచ్చితేనే మిగతా సగం పూర్తవుతుంది. నచ్చక వదిలేసిన సగం గూళ్ళు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమనండి. పాఠంలా చెప్పకండి, ఏమి నేర్చుకున్నారని సాయంత్రం అడగకండి. ముందు మీ ఫోను ఇంట్లో పెట్టి వెళ్ళండి.

ప్రశ్న: ఉద్దానంలో కొబ్బరి రైతును. 2018 తిత్లీ తుపానులో తోట నేలమట్టమైంది. మళ్ళీ మొక్కలు నాటాను. మీ పత్రికలో చెట్టూ పిట్టా చూసి మనశ్శాంతి పొందమని రాస్తుంటారు. నాకు తోటలోకి వెళితే అప్పు కనిపిస్తుంది. ఇవన్నీ కడుపు నిండినవారి మాటలు కావా?
ఒక రైతు, పలాస ప్రాంతం

జవాబు: మీ ప్రశ్న న్యాయమైనది. పైన ఇచ్చిన సలహాల్లో ఒక్కటి కూడా మీకు పనికొస్తుందని నేను చెప్పను. గుమాస్తా పని చేసే ఆవిడకు నది కొత్త వస్తువు. మీకు తోట కొత్త కాదు. నాటిన మొక్క ఎన్ని మట్టలు వేసింది, మొవ్వు ఆరోగ్యంగా ఉందా, పురుగు తొలిచిందా అని రోజూ చూడక తప్పని జీవితం మీది. పడిపోయిన పొడుగు రకం చెట్టు స్థానంలో నాటిన మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళ పొడుగునా వడ్డీ ఆగదు. అలాంటి మనిషిని ఆకుల అందం చూడమనడం మర్యాద కాదు.

మీ విషయంలో కొత్త చూపు అంటే, బహుశా, తోట వంక చూడకుండా ఉండే కొంత సమయం. పని లేని ఒక పూట తోట వైపు కాకుండా ఇంకొక వైపు వెళ్ళండి. మీలాగే చెట్లు పోగొట్టుకొని మళ్ళీ నాటినవారితో కూర్చోండి, అప్పు సంగతి దాచకుండా మాట్లాడండి. ఎంత అప్పు, ఎవరికి, ఎంత వడ్డీ అన్నది ఒక కాగితం మీద పెట్టి, నమ్మకమైన మనిషికి చూపించండి. తలలో తిరిగే అప్పు కాగితం మీది అప్పు కంటే ఎప్పుడూ పెద్దదిగానే ఉంటుంది. కాగితం మీదికి వచ్చాక బ్యాంకుతో గడువు గురించి మాట్లాడటమూ వీలవుతుంది.

మరొక మాట, ఇది పై ఉత్తరాలు రాసిన అందరికీ కూడా. మనసు విసిగిపోవడం వేరు, జబ్బు పడటం వేరు. రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, ఇదివరకు ఇష్టంగా చేసిన పని మీద ఆసక్తి పూర్తిగా పోయినా, బతుకు మీద విరక్తి మాటలు నోట వస్తున్నా, నది ఒడ్డూ డాబా మీది ఎండా దానికి వైద్యం కావు. డాక్టరును కలవాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సేవకు 14416 నంబరులో ఫోన్ చేయవచ్చు. రుసుము లేదు, పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. మీరు చేయలేకపోతే మీ తరఫున ఇంట్లోవారు చేసినా వింటారు.